దిద్దుకుంటూ నేర్చుకోవటం: తెలుగు వికీలు, బయటి తెలుగు విద్యార్థి

1

తెలుగులో 'దిద్దు' అనే క్రియకు రెండు ప్రయోగాలున్నాయి. పంతులుగారు పలక మీద రాసిచ్చిన అక్షరం మీదే మళ్ళీ మళ్ళీ బలపం నడిపి పిల్లవాడు అక్షరాలు దిద్దుతాడు. ఆ పిల్లవాడే కొంత పెద్దవాడై సొంతంగా నాలుగు వాక్యాలు రాస్తే వాటిని పంతులుగారు దిద్దుతారు. నేర్చుకునే పనికీ సరిచేసే పనికీ మన భాషలో ఒకే మాట ఉండటం యాదృచ్ఛికం కాదనుకుంటాను. పదిమంది కలిసి రాసే ఆన్‌లైన్ ఉపకరణాలు విద్యార్థి చదువుకు ఎంతవరకు తోడ్పడతాయి అనే ప్రశ్నను ఈ మాట వెలుగులో పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు తెలుగు వికీపీడియా, తెలుగు వికీసోర్సు, తెలుగు విక్షనరీ అనే మూడింటిని తీసుకున్నాను.

ఈ పరిశీలన ఎవరి పక్షాన జరుగుతున్నదో ముందే చెప్పటం మంచిది. హైదరాబాదులోనో గుంటూరులోనో పదో తరగతి దాకా తెలుగు చదివిన విద్యార్థిని దృష్టిలో పెట్టుకుంటే ఈ మూడింటినీ ఒక విధంగా అంచనా కట్టవలసి వస్తుంది. బరంపురాన్ని ఆనుకొని ఉన్న అంకులి వంటి చోట ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుకుంటున్న విద్యార్థిని దృష్టిలో పెట్టుకుంటే అంచనా మారుతుంది. ఈ రెండోవాడే ఇక్కడ మనకు ముఖ్యం.

2

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా రెండయింది. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి ఒరిస్సాలో చేరాయి. శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయి, 1950లో శ్రీకాకుళం జిల్లాగా రూపొందాయి. సరిహద్దుకు రెండు వైపులా జనం మాట్లాడే తెలుగు ఆ గీత వల్ల మారిపోలేదు. మారింది బడి. తరాలు గడిచిన కొద్దీ ఒడిశా వైపు చాలా కుటుంబాల్లో మాట నిలిచి లిపి జారిపోయింది. తాత తెలుగు ఉత్తరాలు రాసేవాడు, తండ్రి తెలుగు పత్రిక చదవగలడు, కొడుకు తెలుగు సినిమా చూసి ఆనందిస్తాడు గాని దాని పేరు తెరమీద పడేసరికి కూడబలుక్కుంటాడు. ఈ పరిణామం మన పాఠకులకు కొత్తది కాదు.

ఇలాంటి విద్యార్థికి తెలుగు రాతలో ఎదురయ్యే చిక్కు ఎలాంటిదో భాషాశాస్త్రం కొంత స్పష్టంగా చెప్పగలదు. ఒడియా ఉచ్చారణలో ఇ-ఈ, ఉ-ఊల తేడా అర్థాన్ని మార్చదు, రాతలో వేరు గుర్తులు ఉన్నప్పటికీ. ఎ-ఏలకూ, ఒ-ఓలకూ ఒడియా లిపిలో వేరువేరు అక్షరాలే లేవు. తెలుగులో మెడ వేరు, మేడ వేరు. తెగ వేరు, తేగ వేరు. పుట వేరు, పూట వేరు. అంకులి విద్యార్థి మాట్లాడేటప్పుడు ఈ భేదాలను ఎక్కడా పోగొట్టడు. ఒడియా లిపి అలవాటుతో తెలుగు రాయటం మొదలుపెట్టినప్పుడే తడబడతాడు. మరోవైపు ణ-న, ళ-ల భేదాలు ఒడియాలో సజీవంగా ఉన్నాయి గనుక ఆ విషయంలో అతని ఒడియా చదువు తెలుగుకు సాయమే చేస్తుంది. అంటే ఇతనికి కావలసింది ఓనమాల నుంచి మొదలయ్యే వాచకం కాదు. నోటిలో ఉన్న భాషనూ కాగితం మీది భాషనూ అక్షరం అక్షరంగా పోల్చి చూసుకునే అభ్యాసం, తప్పినప్పుడు చెప్పే మరొక మనిషి అతనికి కావాలి. ఉపకరణాలను ఈ అవసరంతో కొలవాలి.

3

'వికీ' హవాయి భాషలోని మాట. 'త్వరగా' అని దాని అర్థం. చదివేవాడే అక్కడికక్కడ మార్చగలిగే పుటలను 1995లో వార్డ్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రవేశపెట్టి వాటికి ఈ పేరు పెట్టాడు. ఆ పద్ధతి మీద 2001 జనవరి 15న ఇంగ్లీషు వికీపీడియా వెలసింది. 2002లో ఒడియా వికీపీడియా, 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. నేడు తెలుగు వికీపీడియాలో వ్యాసాల సంఖ్య లక్ష దాటింది. జీతం లేకుండా కొద్దిమంది నిర్విరామంగా చేసిన ఈ పని తెలుగులో విజ్ఞాన సర్వస్వాల చరిత్రలో చెప్పుకోదగ్గది.

దాని గుణాల్లో మొదట పేర్కొనవలసింది పరిభాష. కొత్తగా మొదలైన చిన్న వ్యాసాన్ని అక్కడ 'మొలక' అంటారు. అందరూ కూడి మాట్లాడుకునే పుటకు 'రచ్చబండ' అని పేరు. చేయి తిప్పుకోవటానికి ఇచ్చిన పుట 'ప్రయోగశాల'. యూజర్ అనే మాటకు 'వాడుకరి' అన్నారు. 'నేర్పరి', 'పొదుపరి' అన్న వరుసలో చక్కగా అమరిన మాట ఇది. సంఘాలు కూర్చుని నిర్మించిన పారిభాషిక పదావళులు ఎన్నో బీరువాల్లో ఉండిపోగా ఈ మాటలు వాడుకలో పడ్డాయి. వాడేవాళ్ళే కల్పించుకోవటం ఇందుకు కారణం.

అయితే వ్యాసాల భాష అంతటా ఈ స్థాయిలో లేదు. ఇంగ్లీషు నుంచి తెచ్చిన వ్యాసాల్లో తరచుగా కనిపించే వాక్యం ఈ తీరున ఉంటుంది: 'ఈ దేవాలయం 12వ శతాబ్దంలో రాజుచే నిర్మించబడింది.' వ్యాకరణం దీన్ని తప్పు పట్టదు. కాని గంజాంలోనైనా గుంటూరులోనైనా ఏ ముసలమ్మా ఇలా చెప్పదు. 'ఈ గుడిని రాజుగారు కట్టించారు' అంటుంది. రాజు తాపీ పట్టి కట్టలేదు, ఇతరుల చేత కట్టించాడు. ఆ సంగతిని తెలుగు ప్రేరణక్రియ ఒక్క మాటలో చెప్తుంది, 'నిర్మించబడింది' చెప్పలేదు. ఇంగ్లీషు కర్మణి వాక్యాన్ని అనుకరించబోయి తెలుగుకు సహజంగా ఉన్న శక్తిని వదులుకోవటం ఇది. ప్రతి నామం ముందూ 'ఒక' చేర్చటం, 'కలిగి ఉంది' అనే క్రియను అవసరం లేనిచోట వాడటం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

ఈ దోషం బరువు చదువరిని బట్టి మారుతుంది. తెలుగు బాగా చదువుకున్నవాడు ఇలాంటి వాక్యం చూసి 'అనువాదం' అనుకుని ముందుకు సాగుతాడు. బయటి విద్యార్థికి తెలుగు వచనం ఎక్కువగా దొరికేది ఫోనులోనే. ఇంట్లో పుస్తకాల అలమర లేదు. కనుక తెరమీద కనిపించిందే శిష్టభాష అనుకుంటాడు. 'రాజుచే నిర్మించబడింది' అన్నది చదువుకున్నవారి తెలుగు, తన నాయనమ్మ అన్న 'కట్టించారు' మోటు తెలుగు అనే నిర్ణయానికి వస్తాడు. తన దగ్గర ఉన్న మంచి సరుకును పారేసి తాలు తెచ్చుకుంటాడు. భాషను నిలబెడుతుందనుకున్న ఉపకరణం అతని భాషనే అతనికి చులకన చేసే ప్రమాదం ఇక్కడ ఉంది. తెలుగు వికీపీడియాను అభిమానించేవారు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

దీనికి మందు కూడా ఆ పుటలోనే ఉంది. ప్రతి వ్యాసానికీ ఒక 'చరిత్ర', ఒక 'చర్చ' ఉంటాయి. ఎవరు ఏ మాట తీసి ఏ మాట పెట్టారో చరిత్రలో తేదీతో సహా కనిపిస్తుంది. ఎందుకు పెట్టారో చర్చలో అడగవచ్చు. అచ్చు పుస్తకం తన చిత్తుప్రతిని మనకు చూపదు. ఈ పుటలు చూపుతాయి. 'నిర్మించబడింది' తీసేసి 'కట్టించాడు' పెట్టటానికి పాండిత్యం అక్కరలేదు, చెవి ఉంటే చాలు. ఆ చెవి అంకులి విద్యార్థికి ఉంది. అతడు రాసేటప్పుడు 'మేడ'ను 'మెడ' చేస్తే మరొకరు దిద్దుతారు. అతడు వాక్యం దిద్దుతాడు, అతని అక్షరాన్ని వేరొకరు దిద్దుతారు. ఈ ఇచ్చిపుచ్చుకోవటంలోనే చదువు జరుగుతుంది. వ్యాసం చదివి ఊరుకుంటే జరగదు.

4

దిద్దేవాడు లేకుండా రాసే పని మాత్రమే పెరిగితే ఏమవుతుందో చూపే సంఘటనలు రెండు చెప్తాను. ఒకటి అనువాదానికి, రెండోది కళాశాల చదువుకు సంబంధించినవి.

2009 ప్రాంతంలో గూగుల్ సంస్థ తన అనువాద ఉపకరణం సాయంతో ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాలను తెలుగు, తమిళం, బెంగాలీ, కన్నడం మొదలైన భాషల్లోకి తెప్పించింది. వ్యాసాలు పొడవైనవి, సంఖ్య పెద్దది. కాని అనువదించినవారికి ఆయా వికీల సభ్యులతో మాటామంతీ లేదు. ఒకరు తప్పు చూపితే దిద్దుకునేవారు లేరు. తమిళ, బెంగాలీ సభ్యులు గట్టిగా అభ్యంతరాలు తెలిపారు. తెలుగులో ఆ వ్యాసాలను బాగుచేసే బరువు ఉన్న కొద్దిమంది మీదా పడింది. ఆ అనుభవాల తర్వాత వచ్చిన యంత్రానువాద ఉపకరణం విషయంలో తెలుగు వికీ జాగ్రత్త పడింది. యంత్రం ఇచ్చిన పాఠంలో మనిషి చేయి తగినంత పడితే తప్ప ప్రచురణకు వీలులేకుండా ఒక హద్దు ఏర్పాటయింది. ఇది సరైన నిర్ణయం.

రెండోది 2011లో పుణే కళాశాలల్లో జరిగిన ప్రయత్నం. ఇంగ్లీషు వికీపీడియాలో వ్యాసాలు రాయటాన్ని విద్యార్థుల పాఠ్యక్రమంలో భాగం చేశారు. ఉద్దేశం మంచిదే. కాని చాలామంది విద్యార్థులు పుస్తకాల నుంచి, ఇతర చోట్ల నుంచి ఉన్నదున్నట్టు ఎత్తి రాశారు. కాపీహక్కుల ఉల్లంఘనలు పేరుకుపోయి, వాటిని ఏరివేయటం అక్కడి స్వచ్ఛంద సంపాదకులకు తలకు మించిన పని అయింది. ఆ సంవత్సరం ముగియకముందే కార్యక్రమాన్ని ఆపేశారు. విద్యార్థులకు పుట నింపటం అప్పగించారు గాని, చర్చపుటలో తమను ప్రశ్నించినవారికి జవాబు చెప్పటం ఎలాగో ముందుగా నేర్పలేదు. మార్కుల కోసం రాసింది గడువు రోజుతో ముగిసిపోతుంది. దిద్దటం మొదలయ్యేది ఆ మర్నాడు.

ఇవాళ కృత్రిమ మేధను అడిగితే ఏ విషయం మీదనైనా తెలుగు వ్యాసం క్షణంలో వస్తుంది. అది తప్పులు చేస్తుందా లేదా అన్నది ఇక్కడ నా ప్రశ్న కాదు. విద్యార్థి ఆ వ్యాసానికి పూచీ పడడు. ఏ మాట ఎందుకు వచ్చిందో చెప్పవలసిన బాధ్యత అతని మీద లేదు. పదిమంది ముందు తన పేరు కింద ఒక వాక్యం పెట్టి, 'ఇలా ఎందుకు రాశావు?' అని అడిగినవారికి సమాధానం వెతుక్కోవటమే సమష్టి రచనలో ఉన్న చదువు. ఆ బాధ్యతను తొలగించే ఉపకరణం శ్రమతో పాటు చదువునూ తగ్గిస్తుంది.

5

లిపి పట్టుబడని విద్యార్థికి మూడు ప్రాజెక్టుల్లో అన్నిటికంటే ఎక్కువ మేలు చేయగలది వికీసోర్సు అని నా అభిప్రాయం. విచిత్రమేమంటే అతనికి అన్నిటికంటే తక్కువ తెలిసింది కూడా అదే.

వికీసోర్సు కాపీహక్కులు తీరిన పుస్తకాల భాండాగారం. మన దేశంలో రచయిత మరణించిన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ళు గడిస్తే రచన అందరిదీ అవుతుంది. అలాంటి పుస్తకాల పుటలను బొమ్మలుగా తీసి, యంత్రం చేత చదివించి, అక్షరాలుగా మారుస్తారు. యంత్రం తెలుగు చదవటంలో పొరబడుతుంది. మ-య, వు-పు, ధ-థ వంటి జంటల దగ్గర, ఒత్తుల దగ్గర, గుడి-గుడిదీర్ఘాల దగ్గర తప్పులు వస్తాయి. తెర మీద ఒక పక్క పాత పుట బొమ్మ, మరో పక్క యంత్రం ఇచ్చిన పాఠం ఉంటాయి. రెండింటినీ పోల్చి దిద్దటమే పని. ఒకరు దిద్దితే ఆ పుట పసుపురంగుకు మారుతుంది. మరొకరు మళ్ళీ సరిచూసి ఆమోదిస్తే ఆకుపచ్చ అవుతుంది. ఒకే మనిషి ఈ రెండు పనులూ చేయటానికి ఉపకరణం ఒప్పుకోదు.

బోధనపద్ధతిగా చూస్తే దీని విలువ తెలుస్తుంది. మనం మామూలుగా చదివేటప్పుడు అక్షరాలు చూడం, మాటల ఆకారం చూసి ఊహిస్తాం. ఊహ తెలిసినవాడికి వేగాన్ని ఇస్తుంది, తెలియనివాడికి తప్పును స్థిరపరుస్తుంది. వికీసోర్సు ఊహించటాన్ని సాగనివ్వదు. 'తేగ' అని ఉన్నచోట యంత్రం 'తెగ' అని చదివితే విద్యార్థి ఆ ఏత్వం దగ్గర ఆగి తీరాలి. ఒడియా లిపి నేర్పని హ్రస్వదీర్ఘ భేదాన్ని పుటకు పదిసార్లు ఇలా కంటితో పట్టుకుంటాడు. తాను వదిలేసిన తప్పును రెండో చదువరి పట్టుకున్నప్పుడు అది జ్ఞాపకంలో నిలుస్తుంది. పలక మీద అక్షరాలు దిద్దటానికి పెద్దవాళ్ళకు తగిన రూపం ఇదే. చేసిన పని వృథా కాదు; ఒక పాత పుస్తకం మరొక పుట మేర బతుకుతుంది.

ఇది మనకు పూర్తిగా కొత్త సంప్రదాయం కూడా కాదు. 19వ శతాబ్దంలో సి. పి. బ్రౌను కడపలో పండితులను జీతాలిచ్చి నియమించుకుని, తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టించి, పాఠభేదాలు గుర్తింపజేసి శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. అదీ ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూసే సమష్టి కృషే. అప్పుడు ఆ పనికి పండితుడు కావలసి వచ్చింది. ఇప్పుడు ఓపిక గల విద్యార్థి చాలు.

లోపం లేకపోలేదు. అక్కడి పుస్తకాలకు కష్టసులభాల వరుస లేదు. అరసున్నలూ శకటరేఫలూ నిండిన కావ్యాన్నీ, సులభమైన వచనాన్నీ ఒకే ద్వారం గుండా చేరతాం. మొదటిరోజే ప్రబంధంలో దిగిన విద్యార్థి రెండోరోజు రాడు. గ్రాంథికరూపాలను నేటి తెలుగుగా పొరబడే ప్రమాదమూ ఉంది. కనుక ఏ పుస్తకం ముందు, ఏది తర్వాత అన్నది అధ్యాపకుడు నిర్ణయించాలి. ఉపకరణం గురువును తప్పించలేదు. అతని పనిని మాత్రం మార్చింది.

6

విక్షనరీ సంగతి వేరు. మొదటి రెండింటిలో విద్యార్థి ఎక్కువగా పుచ్చుకుంటాడు. విక్షనరీలో అతడు ఇవ్వగలడు.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశాలకు శ్రీకారం చుట్టారు. వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వెలువడ్డాయి. పల్లెలకు వెళ్ళి, వృత్తిలో ఉన్నవారి నోటినుంచి విని, వస్తువును చూసి పదాన్ని నమోదు చేసిన ఆ పద్ధతి భారతీయ భాషలకు దారి చూపింది. అయితే అది ఒక రాష్ట్రపు అకాడమీ పూనుకున్న పని గనుక సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు పరిమితమయింది. బరంపురం మగ్గం ఆ హద్దుకు ఇవతల ఉండిపోయింది.

బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పట్టు నేసే దేవాంగుల ఇళ్ళలో తెలుగు వినిపిస్తుంది. ఊరంతా రెండేళ్ళకొకసారి చేసుకునే ఠాకురాణీ జాతరలో ప్రధాన బాధ్యత వహించే దేశిబెహరా కుటుంబం ఈ నేతవారిదే. మగ్గం, పడుగు, పేక, నాడె అనే మాటలు అందరికీ తెలిసినవి. మగ్గంలోని ప్రతి చిన్న భాగానికీ, ప్రతి ముడికీ, నూలు చెడే ప్రతి తీరుకూ ఇక్కడ వాడే మాట ఏది? అది శ్రీకాకుళం మాటేనా, ఒడియా నుంచి వచ్చిందా, మరెక్కడా లేనిదా? ఈ ప్రశ్నలకు జవాబు ఏ కోశంలోనూ వెతకలేం. నేతగాడి పక్కన కూర్చుని అడగాలి. మరమగ్గపు బట్ట ముందు చేమగ్గం తగ్గిపోతున్న కాలంలో ఈ అడగటానికి వ్యవధి ఎక్కువ లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. వికీపీడియా ప్రతి విషయానికీ అచ్చయిన ఆధారం అడుగుతుంది. అబద్ధాలను ఆపటానికి అది అవసరమే. కాని అచ్చులోకి ఎక్కని జ్ఞానం ఆ నియమం వల్ల గడప దగ్గరే ఆగిపోతుంది. ఈ సమస్య మనకొక్కరికే కాదు. 2011లో అచల్ ప్రభల మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని ఉత్తర సోతో భాషల్లో మాట్లాడినవారి గొంతునే రికార్డు చేసి ఆధారంగా చూపే ప్రయోగం చేశారు. ప్రయోగం చర్చకు దారితీసింది గాని నియమం మారలేదు. నిఘంటువుకు ఈ ఇబ్బంది అంత కఠినం కాదు. మాట ఉన్నదనటానికి మాట్లాడేవాడే మొదటి సాక్షి. ఊరు, వృత్తి, విన్న తేదీ, వాడిన వాక్యం, వీలైతే ఉచ్చారణ ధ్వని చేర్చితే ఆ పదం మీద పరిశోధకుడు నమ్మకం పెట్టవచ్చు.

ఇప్పుడున్న విక్షనరీలో బ్రౌను 1852 నాటి కోశం నుంచి వచ్చిన అర్థాలు చాలా కనిపిస్తాయి. వాటి విలువ వాటిది. కాని 19వ శతాబ్దపు అర్థాల పక్కన కళింగాంధ్రలో ఇవాళ పలికే 'ఏటి', 'గుంట' వంటి మాటలు వాటి ప్రయోగ వాక్యాలతో, ఊళ్ళ పేర్లతో చేరాలి. అలా చేరినప్పుడు అంకులి విద్యార్థి తన ఇంటి మాటను తప్పుల పట్టికలో గాక నిఘంటువులో చూస్తాడు.

7

ఈ ఆలోచనకు మూలపురుషుడు మన ప్రాంతంవాడే. గిడుగు వెంకట రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న, అప్పటి గంజాం జిల్లాలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, లిపిలేని సవర భాషను సవరల నోటినుంచే నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు ప్రచురితమయ్యాయి. ఒకపక్క ఆ పని చేస్తూనే తెలుగులో వ్యవహారభాషకు రాతలో చోటు కావాలని పోరాడారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరినప్పుడు ఆ ఊరు విడిచి వెళ్ళారు. ఆయన జన్మదినాన్ని తెలుగు భాషాదినంగా జరుపుకునేవారిలో ఎందరికి ఆయన పాత గంజాంవారని గుర్తుంటుందో!

గిడుగువారి కృషిలో మనకు పనికివచ్చే సూత్రం ఒకటుంది. సవర విషయంలో ఆయన శిష్యుడు, సవరలు గురువులు. తెలుగు విషయంలో ఆయన దిద్దేవారు. ఒకే మనిషి రెండు స్థానాల్లోనూ కూర్చున్నాడు. మంచి సమష్టి ఉపకరణం విద్యార్థికి ఇవ్వవలసింది ఈ రెండు స్థానాలే. వికీసోర్సులో అతడు శిష్యుడు. విక్షనరీలో తన ఊరి మాటకు అతడే ప్రమాణం. వికీపీడియాలో పుటను బట్టి శిష్యుడో గురువో అవుతాడు.

ఆచరణకు వస్తే, బయటి ప్రాంతాల తెలుగు అధ్యాపకులకు కొన్ని సూచనలు. విద్యార్థులను జంటలుగా చేసి వారానికి ఒక వికీసోర్సు పుట ఇవ్వండి. ఒకరు దిద్దినదాన్ని మరొకరు సరిచూడాలి. సులభమైన వచనంతో మొదలుపెట్టండి. కొత్త వ్యాసం రాయమనకండి. ఉన్న వ్యాసంలో మూడు వాక్యాలను ఇంటి తెలుగులోకి మార్చి, కారణం చర్చపుటలో రాయమనండి. నెలకు ఒక పదం పెద్దలను అడిగి, ఊరి పేరుతో విక్షనరీలో చేర్పించండి. మార్కులు పుటల లెక్కను బట్టి వేయకండి. చరిత్ర తెరిచి చూసి, ఎవరైనా దిద్దినప్పుడు విద్యార్థి ఏం చేశాడో దాన్ని బట్టి వేయండి. విద్యార్థుల అసలు పేర్లు, ఫోను నంబర్లు ఆ పుటల్లో పెట్టనివ్వకండి. మారుపేరుతో పని చేయవచ్చు.

ఇందుకు ప్రత్యేకమైన ప్రయోగశాల గాని, ప్రభుత్వ ఉత్తర్వు గాని అక్కరలేదు. ఇద్దరు విద్యార్థులు, ఒక ఫోను, గిడుగువారి కాలం నాటి వచన పుస్తకంలో ఒక పుట ఉంటే వచ్చే వారమే మొదలుపెట్టవచ్చు.